ఏడున్నర అంగుళాలు

శనివారం సాయంత్రం, సాలిగ్రామంలో
మెట్రో వాటర్ లారీ వెళ్లిపోయి
బిందెల గొడవ సద్దుమణిగాక,
బీరువాలోని నూట పధ్నాలుగు రికార్డుల్లోంచి
ఒక్కదాన్ని బయటికి తీస్తాను.

ఎల్లిస్ మార్డెన్.
అట్ట మీద దీపస్తంభానికి ఆనుకుని
టోపీ వంచుకున్న దొర.
నుదుట నీలం బాల్‌పెన్నుతో నిలువు నామం.
మూర్ మార్కెట్లో అమ్మినవాడి కొడుకు పెట్టాడట.
"నామానికి రెండు రూపాయలు తగ్గించుకో సార్" అన్నాడు తండ్రి.
పన్నెండుకిచ్చాడు.
ఆ పై రెండేళ్లకే మార్కెట్టంతా బూడిద.
నామాలాయన మాత్రం నాతో బస్సెక్కి బతికిపోయాడు.

పాత పంచె చెంగుతో గాడి వెంటే తుడిచి
సూది దించుతాను.
ముందు పోపులో ఆవాలు.
తర్వాత పియానో రెండు మెట్లు దిగుతుంది.
తర్వాత

ఊపిరి.

పాట కాదు, పాటకి ముందుది.
పెదాలు విడివడిన తడి చప్పుడు,
గాలి లోపలికి పోయి
పక్కటెముకల దగ్గరెక్కడో ఆగడం.
నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం.
ఈ ఒక్కటీ పూర్తిగా అర్థమవుతుంది.

ఇతను సభకి పాడడు.
అప్పడగడానికొచ్చి
గుమ్మంలోనే గొంతు తగ్గించిన మనిషిలా పాడతాడు.
మైకు అతనికి ఒక్కరి చెవి.

ఇరవై రెండేళ్లు నా ఉద్యోగం
అలాంటి ఊపిరులు కోయడం.
కోడంబాకంలో, కిటికీ లేని గదిలో, పద్యాల టేపులు.
రెండు చేతులతో రెండు చక్రాలూ
ముందుకీ వెనక్కీ ఆడిస్తే
హెడ్డు దగ్గర ఊపిరి గురకపెట్టేది.
తెల్ల పెన్సిలుతో ఇటో గీత, అటో గీత.
బ్లేడు ఏటవాలుగా.
అర సెకను గాలంటే ఏడున్నర అంగుళాల టేపు.
తీసేసి, రెండు కొసలూ అతికించి
గోటితో నొక్కేవాణ్ణి.
"ఊపిరి వినపడిందా, నీకు జీతం కనపడదు"
అనేవాడు మా ఆదిమూలం అన్న.

వేటపాలెం గోవర్ధనం గారి రాగం విని
గుంటూరు జిల్లా ఊగిపోయింది.
ఏం దమ్మయ్యా, మనిషా కొలిమితిత్తా అన్నారు.
శాలువాలు కప్పారు.
ఆ దమ్ము పదకొండు ముక్కలై
నా కాళ్ల దగ్గర చెత్తబుట్టలో ఉంది,
బీడీ పీకలతో, టీ మడ్డితో.
సాయంత్రం ఊడ్చే మునియమ్మ ఎత్తి పారబోసింది.

తప్పని అప్పుడనిపించలేదు.
అతుకు కనపడకుండా అతికానని గర్వం.
ఇప్పటికీ కొంచెం ఉంది, అబద్ధమెందుకు.

ఈ రికార్డు తెచ్చిన మొదటి రాత్రి
కుడిచెయ్యి దానంతటదే బ్లేడు కోసం తడిమింది.
మొదటి వైపే నలభై ఒక్క ఊపిరి లెక్కపెట్టాను.
ఒక్కటీ కోయలేదు.
ఏ దేశంలోనో, ఏ గదిలోనో
నాలాంటివాడొకడు బ్లేడు పట్టుకుని,
విని,
పక్కన పెట్టేసి ఉంటాడు.
అట్ట వెనక్కి తిప్పి చాలాసార్లు వెతికాను.
వాడి పేరు వేయలేదు.

వంటింట్లోంచి పూర్ణ అంటుంది:
"మీ నామాలాయనకీ నాలాగే ఆయాసమున్నట్టుందే!"

డిసెంబరొస్తే ఆవిడ పడుకోలేదు.
మూడు దిండ్లు పేర్చుకుని కూర్చుంటుంది.
పక్కన నేను, చీకట్లో, కళ్లు మూసుకుని
నిద్ర నటిస్తూ వింటుంటాను.
లోపలికి.
ఆగడం.
బయటికి.
ఏ ఒక్కటీ జారిపోకూడదు.

రెండో వైపు చివర, ఆఖరి మాట అయిపోయి
పియానో కూడా చెయ్యి తీసేశాక,
అతను ఇంకొక్కసారి ఊపిరి తీసుకుంటాడు.
దాని తర్వాత పాట లేదు.
ఏం చెప్పబోయాడో.
సూది లోపలి గాడిలో ఊరికే తిరుగుతుంటుంది.

"మూడో విజిలొచ్చిందా?" పూర్ణ అడుగుతుంది.

వినలేదంటాను.